లైన్ లీడర్‌ని చేశారు, 'లీడర్‌షిప్ గోల్స్' రాసిమ్మంటున్నారు. ఏం రాయాలి?

#1 రేణిగుంట_నైట్‌షిఫ్ట్

అన్నలకు, అక్కలకు నమస్తే. రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పని. డిప్లొమా చదివి చేరాను. మొన్నటిదాకా టెస్టింగ్ స్టేషన్‌లో కూర్చునేవాణ్ణి, ఈ నెల నుంచి లైన్ లీడర్‌ని చేశారు. లైన్‌లో దాదాపు అందరూ ఆడపిల్లలే. సగం మంది హాస్టల్లో ఉంటారు. పని నాకంటే బాగా తెలిసినవాళ్ళూ ఉన్నారు.

ఒకరోజు ట్రైనింగ్ పెట్టారు. ఏనుగు కథ, చీమ కథ అయ్యాక ఒక ఫారం చేతిలో పెట్టి, వచ్చే మూడు నెలలకు మీ నాయకత్వ లక్ష్యాలు ఐదు రాసి వారంలో ఇవ్వండి అన్నారు. నేను రాసినవి ఇవి:

మంచి లీడర్ కావాలి. కమ్యూనికేషన్ పెంచుకోవాలి. ఆత్మవిశ్వాసం పెంచుకోవాలి. టీమ్‌ని మోటివేట్ చేయాలి. రిజెక్షన్ తగ్గించాలి.

మళ్ళీ చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. పెళ్ళిళ్ళ పేరయ్య 'అబ్బాయి గుణవంతుడు' అన్నట్టుంది. ఎవరికైనా ఇలాంటివి రాసి, నిజంగా ఉపయోగపడిన అనుభవం ఉంటే చెప్పండి.

#2 బైరాగిపట్టెడ_బుల్లోడు

బ్రో, కంగ్రాట్స్! రాసుకోవడంలోనే సగం విజయం ఉంది. 1953లో అమెరికాలో యేల్ యూనివర్సిటీ పిల్లల్ని అడిగితే 3 శాతం మందే లక్ష్యాలు కాగితం మీద రాసుకున్నారంట. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే మిగతా 97 శాతం మంది ఆస్తంతా కలిపినా ఆ 3 శాతం మంది ఆస్తికి సరితూగలేదంట! అందుకే చిన్నవి రాయకు. 'ఐదేళ్ళలో ప్లాంట్ హెడ్' అని పెద్దగా రాసి బీరువా అద్దం మీద అంటించు. వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టు. నలుగురికీ తెలిస్తే వెనక్కి తగ్గలేవు.

#3 గమ్మునుండు

ఆ ఫారం ఎవురూ చదవరు సామీ. ఫైల్లో పడుంటుంది. నీ ఐదు ముక్కలు బ్రహ్మాండంగా ఉండాయి, ఇచ్చేసి గమ్మునుండు. లైన్ స్పీడు నీ చేతిలో లేదు, మనుషుల్ని తీసేదీ పెట్టేదీ నీ చేతిలో లేదు. ఇంక నాయకత్వం ఏందప్పా?

#4 రిటైర్డ్_మాస్టారు

బుల్లోడు గారూ, ఆ యేల్ కథ కట్టుకథ. నేను సైకాలజీ చెప్పే రోజుల్లో ఏటా ఎవరో ఒక విద్యార్థి దాన్ని సెమినార్‌కి పట్టుకొచ్చేవాడు. అలాంటి సర్వే ఏదీ జరగలేదని యేల్ గ్రంథాలయం వాళ్ళే చెప్పారు. ఇంకో రూపంలో యేల్ బదులు హార్వర్డ్, 1953 బదులు 1979 ఉంటుంది. ఆ 3 శాతం మాత్రం మారదు!

దీని మీద అసలైన పరిశోధన వేరే ఉంది. ఎడ్విన్ లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో మొదలుపెట్టి, తర్వాత గ్యారీ లేథమ్‌తో కలిసి దశాబ్దాల పాటు చేసింది. 'నీకు చేతనైనంత బాగా చెయ్యి' అనిపించుకున్నవాళ్ళ కంటే, స్పష్టంగా, కాస్త కష్టంగా ఉండే లక్ష్యం పెట్టుకున్నవాళ్ళు ఎక్కువ సాధిస్తారని తేలింది. లేథమ్ చేసిన లారీల అధ్యయనం ఒకటి నాకు ఇష్టం. ఓక్లహోమాలో కలప మోసే లారీలు చట్టం ఒప్పుకునే బరువులో 60 శాతమే వేసుకుని వస్తున్నాయి. వీలైనంత ఎక్కువ వేసుకురండి అంటే ఏమీ మారలేదు. 94 శాతం అని ఒక అంకె చెప్పారు. కొన్ని నెలల్లో 90 దాటింది. జీతం పెంచింది లేదు, బోనస్ ఇచ్చింది లేదు. 1975లో అచ్చయింది ఆ పేపరు.

రేణిగుంట బాబూ, నీ ఐదింటిలో మొదటి నాలుగూ 'చేతనైనంత బాగా చెయ్యి' కోవలోవే. సాయంత్రం కూర్చుని 'ఇవాళ చేశానా, లేదా' అని నిన్ను నువ్వు అడిగితే జవాబు రాదు.

#5 తోతాపురి_తోట

మాస్టారూ, లారీ సంగతి బాగుంది. కాకపోతే కలప చెడిపోదు. మామిడికాయ చెడిపోతుంది.

మాది బంగారుపాళ్యం పక్క. జూన్‌లో కోతకు గుంపు దిగినప్పుడు మేస్త్రీకి 'సాయంత్రానికి ఇన్ని టన్నులు' అని చెప్పి చూడండి, ఏమవుతుందో. దోటి పట్టినోడు చిక్కంలోకి కాయ దించడు, కొమ్మ గుంజుతాడు. కాయ నేల మీద పడుతుంది. తొడిమ లేకుండా తెగితే సొన కారి మచ్చ పడుతుంది. ముదరనిది కూడా క్రేటులోకి పోతుంది. టన్నులు మాత్రం వస్తాయి! పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ వరసలో నిలబడి, వంతు వచ్చాక, అప్పుడు తెలుస్తుంది అసలు రేటు.

ఇప్పుడు నేను టన్నుల మాట ఎత్తను. నేలన పడిన కాయ వేరే కుప్ప పోయమంటాను. సాయంత్రం మేస్త్రీ, నేను ఇద్దరం ఆ కుప్ప దగ్గర నిలబడి చూస్తాం. అంతే. కుప్ప చిన్నదైతే టన్నులు వాటంతటవే సరిపోతాయి.

అందుకే నీ ఐదోది, 'రిజెక్షన్ తగ్గించాలి' అనేది, జాగ్రత్త తమ్ముడూ. పిల్లలు రిజెక్ట్‌లు దాచేస్తారు.

#6 శ్రీసిటీ_హెచ్‌ఆర్

తోతాపురి అన్న చెప్పింది మా రంగంలో పెద్ద పాఠం. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో ఖాతాదారుకు ఎనిమిది ఉత్పత్తులు అమ్మాలని సిబ్బంది మీద పడింది. సిబ్బంది ఏం చేశారు? కస్టమర్లకు తెలియకుండా వాళ్ళ పేరు మీద లక్షల ఖాతాలు తెరిచేశారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అంకె అందుకున్నారు, బ్యాంకు పరువు పోయింది.

ఇక గమ్మునుండు గారికి. ఆ ఫారాలు చదివేవాణ్ణి నేనే కాబట్టి చెప్తున్నా. నిజమే, నూటికి తొంభై అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటాయి, అవి ఫైల్లోకే పోతాయి. ఎవరైనా 'ఫలానా పని, ఫలానా రోజుకి, నేను చేస్తాను' అని రాస్తే మాత్రం కళ్ళు ఆగుతాయి. లక్ష్యం ఎలా ఉండాలో ఐదు గుణాల్లో చెప్పే 'స్మార్ట్' పద్ధతి అని అందరూ పాఠంలా చెప్తారు కదా, దాన్ని 1981లో జార్జ్ డొరాన్ రాసినప్పుడు, ఆ ఐదింటిలో ఒకటి 'ఈ పని ఎవరిది' అన్నది. తర్వాత ట్రైనర్లు దాన్ని తీసేసి 'సాధ్యమా' అన్నది పెట్టారు. నా మటుకు ఆ పోయినదే ముఖ్యం.

#7 పొదుపక్క_పుత్తూరు

నాయనా, నేను పుత్తూరు పక్క పల్లె. మా ఆడోళ్ళ సంఘానికి నన్ను లీడరుగా పెట్టినారు. కారణం ఏందంటావా? మా ఇల్లు రోడ్డు పక్కన ఉండాది, బ్యాంకు సారు వస్తే కుర్చీ వేసేదానికి జాగా ఉండాది. అంతే. నా చదువు ఐదో తరగతి. సంతకం పెడతా, బస్సు బోర్డు చదువుతా.

మా సంఘాలకి పంచసూత్రాలు అనేసి ఉండాయి. తప్పకుండా మీటింగు పెట్టాల, తప్పకుండా పొదుపు కట్టాల, లోపల్లోపల అప్పులిచ్చుకోవాల, తీసుకున్నోళ్ళు టైముకి కట్టాల, పుస్తకాలు సరిగ్గా రాయాల. ఇవి సంఘానికి. లీడరు ఏం నేర్చుకోవాలో ఎవురూ చెప్పలా.

మినిట్సు పుస్తకం ఉంటాది. పోయిన మీటింగులో ఏం తీర్మానం చేసినామో మొదట చదివి వినిపించాల. మా బుక్కీపరు పాప చదివేది. ఆ పాప రాని దినం పుస్తకం తెరవకుండానే మీటింగు అయిపోయేది. ఒక దినం ఒకాయమ్మ అడిగేసింది, 'పోయిన నెల నాకు అప్పిస్తామని రాసినారా, లేదా' అనేసి. పుస్తకం నా ఒళ్ళోనే ఉండాది. నేను చెప్పలేకపోతిని. ఆ దినం అనుకుంటి, సంక్రాంతి లోపల ఈ పుస్తకం నేనే చదవాల అనేసి. మంచి లీడరు కావాల అనుకోలా. పుస్తకం చదవాల.

వంట అయినాక, టీవీ పెట్టకముందు, మా కోడలు దగ్గర కూర్చుని దినానికి ఒక పేజీ. అచ్చు పుస్తకం అయితే వస్తాది, చేతిరాత అయితే రాదు. ఒక్కొక్క పేరు కాడ ఆగిపోతా ఉంటి. మా ఊళ్ళో ఒకే పేరు ముగ్గురికి ఉంటాది కదా, ఇంటిపేరు పొడి అక్షరాలు చూసి కనుక్కోవాల. సంక్రాంతికి కాలేదు. శివరాత్రి దాటింది. కానీ చదివినా.

అప్పుడు ఏం మారిందో చెప్తా. పాప చదివేటప్పుడు ఎవురూ అడ్డం చెప్పేవాళ్ళు కాదు, చదువుకునింది కదా అనేసి. నేను తడుముకుంటా చదువుతా ఉంటే 'కాదక్కా, మేం అట్ల అనలేదు, వడ్డీ రూపాయి అన్న్యాం' అని మధ్యలో చెప్పేదానికి మొదలుపెట్టిరి. మీటింగు అప్పుడు మీటింగు అయింది.

నువ్వు కూడా ఐదు వద్దు నాయనా. ఒకటి పెట్టుకో. నీకు చేతగానిది, నలుగురి ముందర తెలిసిపోయేది, అట్లాంటిది.

#8 పద్మావతి_క్యాంపస్

అక్కా, మీ పోస్టు మా హాస్టల్ గ్రూపులో పెట్టాను, తప్పుగా అనుకోవద్దు.

నాదీ ఒక సందేహం. నేను మహిళా యూనివర్సిటీలో పీజీ. ఎన్‌ఎస్‌ఎస్‌లో వాలంటీర్ లీడర్. మా మేడమ్ రక్తదాన శిబిరానికి వంద మంది దాతలు అని లక్ష్యం పెట్టారు. నేను ఎప్పుడూ శిబిరం నడపలేదు. ఆ వంద అనే అంకె చూస్తే పని మొదలుపెట్టకముందే నిద్ర పట్టట్లేదు. మాస్టారూ, మీరు కష్టమైన లక్ష్యమే మంచిదన్నారు కదా?

#9 రిటైర్డ్_మాస్టారు

మంచి ప్రశ్న అమ్మా. ఆ లారీ డ్రైవర్లకు లారీ నింపడం తెలుసు. తెలిసిన పనికి అంకె పనిచేస్తుంది. తెలియని పనికి అదే అంకె చేటు చేస్తుంది, బుర్రంతా ఫలితం మీదే ఉండి దారి వెతకడం మానేస్తుంది. ఈ సంగతి కూడా లేథమే, జెరార్డ్ సైట్స్ అనే ఆయనతో కలిసి చూపించాడు. మొబైల్ ఫోన్ కంపెనీ నడిపే కంప్యూటర్ ఆట ఒకటి పెట్టి, కొందరికి మార్కెట్ వాటా ఇంత తేవాలని చెప్పారు. ఇంకొందరికి మార్కెట్ వాటా పెంచే మార్గాలు ఇన్ని కనిపెట్టాలని చెప్పారు. రెండో జట్టుకే చివరికి ఎక్కువ వాటా వచ్చింది.

కాబట్టి వంద మంది సంగతి మేడమ్‌కి వదిలెయ్. నీ లక్ష్యం ఇలా పెట్టుకో: ఇదివరకు శిబిరం నడిపిన ముగ్గురితో మాట్లాడి, దాతలు చివరి నిమిషంలో ఎందుకు మానుకుంటారో కారణాలు రాసుకోవాలి. అది అయ్యాక వంద గురించి ఆలోచిద్దువు.

రేణిగుంట బాబుకూ ఇదే. ఎలక్ట్రానిక్స్ మీద బతుకుతున్నావు కాబట్టి ఆ ఆట నీకు ఇంకా బాగా అర్థమవుతుంది.

#10 బైరాగిపట్టెడ_బుల్లోడు

సరే, యేల్ కథ పోయింది. ఫార్వర్డ్ చేసిన గ్రూపులన్నిటికీ ఇప్పుడు నేనేం చెప్పాలి మాస్టారూ 😀 కానీ స్టేటస్ మాట వదలను. నేను జిమ్‌లో చేరినప్పుడు స్టేటస్ పెట్టాను, లైకులు వచ్చాయి, ఊపొచ్చింది.

#11 గమ్మునుండు

ఊపు ఎన్నాళ్ళుండింది అది చెప్పు.

#12 బైరాగిపట్టెడ_బుల్లోడు

గంగమ్మ జాతర వరకు.

#13 రిటైర్డ్_మాస్టారు

నవ్వులాటకు పోవద్దు, ఇందులో నిజమైన చిక్కు ఉంది. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2009లో అచ్చువేసిన ప్రయోగాల్లో, 'నేను ఇలాంటి మనిషిని అవుతాను' అనే సంకల్పాన్ని పదిమందికి చెప్పుకున్నవాళ్ళు తర్వాత తక్కువ కష్టపడ్డారు. అందులో న్యాయశాస్త్రం విద్యార్థులూ ఉన్నారు. నలుగురూ గుర్తించగానే సగం అయిపోయినట్టే అనిపిస్తుంది కాబోలు.

2016లో 138 అధ్యయనాలను కలిపి చూసిన ఇంకో విశ్లేషణ ఉంది. తను ఎంతవరకు వచ్చాడో ఎప్పటికప్పుడు చూసుకునేవాళ్ళు లక్ష్యాన్ని ఎక్కువగా అందుకుంటారు, అది కాగితం మీద రాస్తే, ఇంకొకరికి చూపిస్తే ఫలితం ఇంకా ఎక్కువ అని తేలింది. రెండూ ఒకదానికొకటి విరుద్ధం కాదు. 'అవుతాను' అని చాటితే లాభం లేదు. 'ఈ వారం ఇంత చేశాను, ఇది చేయలేదు' అని ఒకరికి లెక్క చెప్తే లాభం ఉంది. పొదుపక్క గారి మినిట్సు పుస్తకం అదే కదా.

#14 రేణిగుంట_నైట్‌షిఫ్ట్

అందరివీ రెండుసార్లు చదివాను. ఫారం ఇచ్చే గడువు ఎల్లుండి. మళ్ళీ రాశాను, చూడండి:

ఒకటి. షిఫ్ట్ మొదలయ్యే ముందు లైన్ దగ్గర ఐదు నిమిషాలు అందరం నిలబడి మాట్లాడతాం. మొదట వాళ్ళు, ఆఖర్న నేను.

రెండు. ఎవరైనా ఇబ్బంది చెప్తే నోట్‌బుక్‌లో రాసుకుని మరుసటి షిఫ్ట్‌లో జవాబు చెప్తాను. జవాబు 'కుదరదు' అయినా సరే.

మూడు. సోల్డరింగ్ స్టేషన్ పని నేర్చుకుంటాను. టెస్టింగ్ తప్ప నాకేమీ రాదని లైన్‌లో అందరికీ తెలుసు. పొదుపక్క చెప్పిన 'చేతగానిది' ఇదే.

నాలుగు. తప్పు జరిగినప్పుడు కోపం తగ్గించుకుంటాను.

ఐదు. నేను లేని రోజు లైన్ చూసుకోగల ఇద్దరిని తయారుచేస్తాను.

#15 శ్రీసిటీ_హెచ్‌ఆర్

మూడోది చదివి లేచి నిలబడ్డాను తమ్ముడూ. ఫారంలో ఐదు గళ్ళు ఉన్నాయి కాబట్టి ఐదూ ఇవ్వు. నీ జేబులో పెట్టుకునేవి మాత్రం ఒకటి, మూడు. మిగతావి వాటి వెంటే వస్తాయి.

నాలుగోదాని పని పట్టాలి. కోపం 'తగ్గించుకోవడం' ఎవరు కొలుస్తారు?

#16 రిటైర్డ్_మాస్టారు

దానికి గోల్విట్జర్ దగ్గరే మందు ఉంది, 1999 నాటిది. 'ఫలానాది జరిగితే, నేను ఫలానాది చేస్తాను' అని ముందే వాక్యం తయారు చేసిపెట్టుకోవడం. కోపం వచ్చాక ఆలోచించే తీరిక ఉండదు కాబట్టి ఆలోచన ముందే ముగించేయాలి. నీ లైన్‌లో కోపం ఎప్పుడొస్తుందో చెప్పు.

#17 రేణిగుంట_నైట్‌షిఫ్ట్

రిజెక్ట్ ట్రే ఎర్రగా ఉంటుంది మాస్టారూ. అది నిండగానే చెయ్యి ఆగదు, ఎవరి స్టేషన్ అని ముందు మనిషి కోసం తల తిప్పుతాను. పక్క లైన్ లీడర్‌లు కూడా అంతే.

#18 రిటైర్డ్_మాస్టారు

అయితే రాసుకో: 'ఎర్ర ట్రే నిండితే, ముందు అందులోంచి మూడు బోర్డులు తీసి చూస్తాను. మూడూ చూసేదాకా తల ఎత్తను.' నాలుగో లక్ష్యం ఇక ఇదే. చేశావో లేదో ఆ రాత్రికే తెలుస్తుంది.

#19 గమ్మునుండు

అంతా బాగుండాది. ఒక్కటి చెప్పండి. ఆ అమ్మాయిలు 'బాత్రూమ్‌కి పంపరు, బస్సు లేటు' అంటారు. తమ్ముడు బుద్ధిగా నోట్‌బుక్‌లో రాస్తాడు. పైవాడు 'చూద్దాం' అంటాడు. తమ్ముడు మరుసటి దినం వచ్చి 'కుదరదు' అని చెప్తాడు. ఇట్ల నాలుగుసార్లు అయితే ఎవురైనా నోరు తెరుస్తారా? సొంత గుణం బాగుచేసుకుంటే ఫ్యాక్టరీ బాగుపడదు. ఈ గోల్స్ గొడవంతా తప్పు మనదేనని మనచేత ఒప్పించేదానికి వచ్చింది.

#20 పద్మావతి_క్యాంపస్

అన్నా, పక్క జిల్లా సంగతి చెప్పనా? నెల్లూరు దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు రాష్ట్రమంతా మద్యం ఆపాలని మొదలుపెట్టలేదు. మా ఊళ్ళో సారా అంగడి ఉండకూడదు, అంతవరకే. అది చేతికి అందే పని. అది అయ్యాక ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మగారి పేరు, ఊరి పేరు అన్ని జిల్లాలకూ తెలిశాయి. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. పైవాళ్ళు 'చూద్దాం' అన్నప్పుడు కూడా చేయగలిగింది ఏదో ఉంటుంది కదా.

#21 గమ్మునుండు

1997లో ఆ నిషేధం ఎత్తేసినారు పాపా. అది కూడా చెప్పు.

#22 పొదుపక్క_పుత్తూరు

ఎత్తేసినారు, నిజమే. కానీ ఆ దినాల్లో కలెక్టరాఫీసు మెట్లెక్కిన ఆడోళ్ళు మళ్ళీ దిగి ఇంట్లో కూర్చోలేదప్పా. మా సంఘాలు అట్లనే పెరిగినాయి.

అయినా నువ్వు చెప్పింది తీసిపారేసేది కాదు. 'కుదరదు' అని వట్టిగా చెప్తే నోరు మూసుకుంటారు. 'ఫలానా సారును అడిగినా, ఫలానా తేదీన, ఆయప్ప ఇట్ల అన్న్యాడు' అని చెప్తే మూసుకోరు. మేము బ్యాంకు లోను ఆలస్యమైతే అట్లనే చేసేది. ఎవురు ఏం చెప్పినారో పేరు, తేదీ రాసి మీటింగులో చదివేది. మూడో నెల బ్యాంకు సారే వచ్చినాడు, నా పేరు ఎన్నిసార్లు చదువుతారమ్మా అనేసి.

తమ్ముడూ, నీ రెండోదానిలో ఆ మాట చేర్చు. ఎవర్ని అడిగినావో రాయాల.

#23 తోతాపురి_తోట

బ్యాంకు సారు సంగతి సూపరక్కా 👏

#24 రేణిగుంట_నైట్‌షిఫ్ట్

చేర్చాను. ఇవాళ ఫారం ఇచ్చేశాను. తీసుకున్నాయన చదవకుండానే సంతకం పెట్టాడు. గమ్మునుండు అన్నకి ఒక పాయింటు!

#25 రేణిగుంట_నైట్‌షిఫ్ట్

చాలా రోజులైంది, పాత చర్చని పైకి లేపుతున్నాను. ఏం జరిగిందో చెప్పాలనిపించింది.

ఐదు నిమిషాల మీటింగ్ మొదట్లో ఘోరం. ఎవరూ నోరు విప్పలేదు. నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. హాస్టల్ బస్సు లేటయిన రోజు మీటింగే లేదు. తర్వాత నేను సోల్డరింగ్ నేర్చుకోవడానికి లంచ్ టైమ్‌లో ఒక సీనియర్ అమ్మాయి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. నా టంకం చూసి ఆమె పగలబడి నవ్వింది. నాలుగు పిన్నులు కలిపేశాను. ఆ మర్నాడు మీటింగ్‌లో ఆమే మొదట మాట్లాడింది. బోర్డు పట్టుకునే ఫిక్స్‌చర్ ఒక పక్క వదులుగా ఉందని, అందరికీ తెలుసని, అడిగితే కదా చెప్పేది అని. మెయింటెనెన్స్‌కి పేరు, తేదీతో రాసి ఇచ్చాను. రెండోసారి వెళ్ళి అడిగితే బిగించారు.

ట్రే వాక్యం బాగా పనిచేస్తోంది మాస్టారూ. మూడు బోర్డులు చూసేసరికి ఎక్కువసార్లు తప్పు మనిషిది కాదని తెలిసిపోతుంది.

రిజెక్షన్ కొంచెం తగ్గింది. ఫిక్స్‌చర్ వల్లా, నా వల్లా అంటే ఫిక్స్‌చర్ వల్లే అంటాను. బాత్రూమ్ బ్రేక్ విషయం ఇంకా 'చూద్దాం' దగ్గరే ఉంది. నోట్‌బుక్‌లో ముగ్గురి పేర్లు ఉన్నాయి, మీటింగ్‌లో చదువుతున్నాను. సోల్డరింగ్ ఇంకా పూర్తిగా రాలేదు.

ఇప్పుడు కొత్త ప్రశ్న. చెల్లెలి పెళ్ళి, పది రోజులు సెలవు పెట్టాను. ఐదో లక్ష్యం పరీక్షకొచ్చింది. మీటింగ్ నడిపే బాధ్యత ఎవరికివ్వాలి? అందరూ భయపడే సీనియర్‌కా, లేక మాట్లాడని ఒక అమ్మాయి ఉంది, పని చాలా నీట్‌గా చేస్తుంది, ఆమెకా?

#26 శ్రీసిటీ_హెచ్‌ఆర్

సీనియర్‌కే ఇవ్వు. నువ్వు లేని రోజుల్లో ప్రయోగాలు వద్దు. ఏదైనా తేడా వస్తే ఆ మాట్లాడని అమ్మాయి మీద పడుతుంది.

#27 రిటైర్డ్_మాస్టారు

నేను ఒప్పుకోను. నువ్వు లేనప్పుడు కాకపోతే ఆమెకు నేర్చుకునే సందు ఎప్పుడు దొరుకుతుంది? కాకపోతే ముందు వారం నువ్వు పక్కన ఉండగా రెండు మూడుసార్లు నడిపించు.

#28 గమ్మునుండు

పెళ్ళికి పిలవకుండా సలహాలు మాత్రం అడుగుతా ఉండాడు.

#29 పొదుపక్క_పుత్తూరు

నువ్వెందుకు ఏరేది? మా సంఘంలో మొదటి లీడరు, రెండో లీడరు అనేసి ఇద్దరుంటారు, కొన్నాళ్ళకు మారస్తాం. మీ మీటింగులో అడుగు, రోజుకొకరు పేరు ఇవ్వండి అనేసి. భయపెట్టే ఆయమ్మకూ ఒక దినం వస్తాది, మాట్లాడని పాపకూ ఒక దినం వస్తాది. జాబితా గోడకు అంటించు. నోట్‌బుక్కు పోయే ముందే ఇచ్చేసి పో, బీరువాలో పెట్టి తాళం వేసుకొని పోవద్దు. పెళ్ళిలో ఉండి దినామూ ఫోను చేసి 'ఏమైంది, ఏమైంది' అని అడగొద్దు. వచ్చినాక పుస్తకం చూసుకో, అందులో ఉంటాది.

పెళ్ళి యాడ నాయనా, తిరుచానూరులోనా? మాకు దగ్గరే.